మెడ కింద మనిషి

లాల్‌పేట్ బొగ్గుబాయిలో పైకప్పు కూలిన రోజు ఇద్దరు దాని కింద పడ్డారు. బాపురావు అక్కడికక్కడే పోయాడు. దేవరాజుకు మెడ విరిగింది. నాగ్‌పూర్‌లో ఆపరేషన్ చేసి బతికించారు. తొంభై నాలుగు నాటి సంగతి.

నడక వచ్చింది గాని, మెడ కింది నుంచి అరికాళ్ల దాకా ఒకటే మంట. ఒళ్లంతా కారం పూసి ఎండలో పడుకోబెట్టినట్టు. చొక్కా తగిలినా ప్రాణం పోయేది. ఎనిమిది నెలలుగా కంటినిండా నిద్ర లేదు. నూనె రాసీ, ప్రార్థన చేసీ భార్య సువార్త కూడా అలసిపోయింది.

మందులిచ్చే కంపౌండర్ సంజీవ్ ఒకనాడు అన్నాడు: "మెడ బొక్క అతుకుతది గని, తెగిన నరం ఊకుంటదా దేవరాజన్నా? బయటి దేశంల ఒక కోతి తల తీసి ఇంకో కోతికి పెట్టిండ్రంట. మనిషికి గట్ల చేస్తే, బతికినా సచ్చేదాక గిదే మంట. పరాయి ఒళ్లు తల మాట ఇంటదా?"

ఆ మాట దేవరాజు బుర్రలోంచి పోలేదు.

మే నెల మధ్యాహ్నం. కరెంటు పోయి కూలర్ ఆగింది. సువార్త నీళ్ల ట్యాంకర్ దగ్గరికి వెళ్లింది. బయట కుక్క కూడా మొరగడం లేదు. గదిలోకి మెల్లగా తడిబొగ్గు వాసన వచ్చింది. ఎక్కడో నీటిచుక్కలు... టప్... టప్...

మంట ఆగిపోయింది.

ఏడుపొచ్చేంత హాయి. అంతలోనే కాళ్లు మంచం దిగాయి. అతను దిగమనలేదు. ఆగమన్నాడు... ఆగలేదు. చెప్పుల్లేకుండా ఎండలో మూడు వరసల క్వార్టర్లు దాటి, బాపురావు ఇంటి ముందు నిలబడ్డాయి. చేయి తలుపు సందులోంచి పోయి, తడుముకోకుండా లోపలి గడియ తీసింది.

బాపురావు పెండ్లాం రుక్మిణి బియ్యం ఏరుతోంది. ఎప్పుడూ 'అన్నా' అని పిలిచే మనిషి. ఇవాళ అతని మొహం చూడలేదు. చేతులనే చూసింది.

"వచ్చినవా..." గుసగుసగా అంది. "ఎన్ని దినాలాయె."

"చెల్లే... నేను దేవరాజును..."

ఆమె పీట వాల్చింది. ఒళ్లు అలవాటుగా కూర్చుంది. నొప్పి లేదు. ఎక్కడా లేదు. ఇట్లాగే ఉండిపోతే ఏం, అనిపించింది దేవరాజుకు. ఆ ఆలోచనకే భయపడి లేవబోయాడు... కాళ్లు కదల్లేదు.

రుక్మిణి అతని చేతిని చెంపకు ఆనించుకుంది. ఆ చేతితోనే మాట్లాడింది.

"రేపు ఒక్కనివే రా. గా తలకాయను తోల్కరాకు."

దేవరాజు అరవబోయాడు. రెండు చేతులూ పైకి లేచి, మెత్తగా అతని నోరు మూశాయి.