వదులు కాని నట్లు

టైర్ల షాపు కౌంటరు మీదకు ఒక కేకు డబ్బా వచ్చి కూర్చుంది. దాని వెనకాల తడిసిన గొడుగుతో, ముఖం గంటు పెట్టుకుని ఒకమ్మాయి నిలబడింది.

"మూత తీసి చూడండి," అంది.

మెకానిక్ తీసి చూశాడు. మూడంతస్తుల కేకు ఒక అంతస్తుకు దిగివచ్చింది. క్రీము గులాబీలన్నీ ఓ మూలకు చేరి ఒకదాన్నొకటి ఓదార్చుకుంటున్నాయి.

"ఇది మీ పనే."

"నాకు కేకులు చెయ్యడం రాదండి."

"కూల్చడం వచ్చుగా."

సంగతేమిటంటే, ఆమె ఇంట్లోనే కేకులు తయారుచేసి సొంత కారులో ఇళ్ళకు చేరవేస్తుంది. చెల్లెలి కారు అందంగా ఉండాలని వాళ్ళన్నయ్య ఈ షాపులోనే కొత్త అలాయ్ వీల్స్ వేయించాడు. అప్పటినుంచీ కాస్త వేగం అందుకుంటే చాలు, స్టీరింగుకు చలిజ్వరం వస్తోంది.

మెకానిక్ ఆ తప్పును ముందు రోడ్డు మీదకు తోశాడు, ఆ తర్వాత ఆమె డ్రైవింగు మీదకు తోశాడు. ఆ రెండోది తొయ్యకుండా ఉండాల్సింది. ఆమె అతన్ని పక్కసీటులో కూర్చోబెట్టి, డబ్బా ఒళ్ళో పెట్టి, పెద్దరోడ్డు ఎక్కించింది. తిరిగొచ్చేసరికి అతని చొక్కా మీదా, ఒక చెవిలోనూ క్రీము ఉంది. దిగీ దిగగానే జాకీ అందుకున్నాడు.

చక్రం విప్పగానే నాలుక కరుచుకున్నాడు. కొత్త చక్రం మధ్యలో ఉన్న రంధ్రం, అది కూర్చునే ఇరుసు చివరి హబ్ కన్నా పెద్దది. ఆ సందు పూడ్చే రింగులు హడావుడిలో అతను వెయ్యనే లేదు. ఇంకేదో కారణం చెప్పినా ఆమెకు తెలిసేది కాదు.

"తప్పు నాదేనండి," అన్నాడు.

వాదనకు సిద్ధపడి వచ్చిన ఆమె వంగి చక్రం లోపలికి చూసింది. నట్లు గట్టిగానే ఉన్నాయిగా, అది చాలదా అని అడిగింది. నట్లు పట్టుకుని ఉంచుతాయి గానీ చక్రాన్ని సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టేది రింగేనని అతను చెప్పాడు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా తిరిగేటప్పుడు చక్రం ఎగురుతుందట.

రింగులు వేసి, నట్లు ముందు చేత్తోనే తిప్పాడు. కారు కిందికి దించాక టార్క్ రెంచి అందుకున్నాడు. సరిపడా బిగియగానే అది టిక్కుమంటుంది. గొడుగు పిడి మీద గడ్డం ఆనించి చూస్తున్న ఆమె, పక్కపక్క నట్లు వదిలేసి ఒకదాన్నుంచి ఎదుటిదానికి ఆ గెంతులెందుకని అడిగింది.

"ఒక పక్కే లాగితే వంకరగా కూర్చుంటుందండి. ఎదురెదురుగా బిగించాలి," అంటూ తలెత్తాడు.

ఆమె ఎదురుగానే ఉంది. బిగిసిన నట్టే మళ్ళీ టిక్కుమంది.

వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వచ్చి నట్లు చూపించుకోమన్నాడు. అది పద్ధతే. ఆమె వచ్చింది. వచ్చే శనివారం కూడా రమ్మన్నాడు. అది ఏ పద్ధతిలోనూ లేదు. ఆమె మళ్ళీ వచ్చింది, ఎందుకని అడగలేదు. వాన పడితే కారు దిగకుండానే ఇంకాస్త సేపు ఉండేది. అతను కిటికీ పక్కన తడుస్తూ, చక్రాల గురించి తనకు తెలిసినవీ తెలియనివీ అన్నీ చెప్పేవాడు.

షాపు అతని మేనమామది. కొన్ని శనివారాలు చూసి చూసి, "ఒరేయ్, ఆ కారు నట్లు భేషుగ్గా ఉన్నాయి. వదులైంది నీదే," అన్నాడాయన.

అంతా సాఫీగా సాగుతుండగా ఒక శనివారం కారులోంచి ముగ్గురు దిగారు. ఆమె, వాళ్ళన్నయ్య, కళ్ళజోడు పెట్టుకున్న ఓ పెద్దమనిషి. వారం వారం రిపేరుకెళ్ళే కారు ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదమని అన్నయ్య దాన్ని అమ్మకానికి పెట్టాడు. పెద్దమనిషి కొనడానికొచ్చాడు. లోపమేమిటో ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు అన్నయ్య.

మెకానిక్ ఆమె వైపు చూశాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"కారులో ఏ లోపమూ లేదండి. నట్లు ఒక్కరోజూ వదులు కాలేదు."

"మరి వారం వారం ఎందుకు రమ్మన్నావు?"

"కారు కోసం కాదండి."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోగా ఆమె నేల చూపులు చూస్తూ, "నేనొచ్చిందీ కారు కోసం కాదన్నయ్యా," అంది.

అన్నయ్య చెల్లెల్ని చూశాడు, మెకానిక్‌ని చూశాడు, లోపల నవ్వు ఆపుకోలేక దగ్గు నటిస్తున్న మేనమామనూ చూశాడు. పెద్దమనిషి వైపు తిరిగి, కారు అమ్మడం లేదని క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఏం బాబూ, బేరం కుదరలేదా?"

"సంబంధం కుదిరేలా ఉందండి," అన్నాడు అన్నయ్య నీరసంగా.

పెద్దమనిషి సంతోషించి, పోనీ ఆ చక్రాలైనా అమ్ముతారా అని అడిగాడు. అలాంటివే కొత్తవి చూపిస్తానంటూ మేనమామ ఆయన్నీ, అన్నయ్యనూ లోపలికి లాక్కుపోయాడు.

బయట వాళ్ళిద్దరే మిగిలారు.

"అయితే వచ్చే శనివారం నేను రానక్కర్లేదా?" అంది.

"వద్దు. ఈసారి నేనొస్తాను," అన్నాడతను, "మీ అమ్మగారిని అడగడానికి."