ఎడమ వైపు వెనక డోరు

ఆదివారం పొద్దున్న ఆరింటికి మేస్త్రీ రెండు బకెట్లు బయట పెట్టాడు. ఒకటి సబ్బు నీళ్ళకి, రెండోది ఉత్త నీళ్ళకి. కారు మీద తుడిచిన గుడ్డని ముందు ఉత్త నీళ్ళలో జాడించి, ఆ తర్వాతే సబ్బులో ముంచాలి. లేకపోతే కారు మీది మట్టి మళ్ళీ కారు మీదికే వస్తుంది. ఈ ముక్క షెడ్డులో నలభై ఏళ్ళు పనివాళ్ళందరికీ చెప్పాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఇంట్లో ఎవరినీ ఆ బకెట్లు ముట్టుకోనిస్తే కదా.

కార్లకి రంగులు కొట్టడం ఆయన పని. ఇప్పుడు ఇంటి ముందున్న కారు కూడా ఒకప్పుడు షెడ్డులో మూల పడి ఉన్న తుక్కే. షెడ్డు ఓనరు ఇచ్చేస్తే తెచ్చుకుని సొట్టలు తీసి, తనే కలిపిన రంగు తనే కొట్టాడు. ముదురు నీలం. సిరా బుడ్డిని ఎండకి ఎత్తి చూస్తే కనబడే నీలం. అలాంటిది మళ్ళీ కలపలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. ఎందుకు మానేశావని కొడుకు అడిగితే "చాలు" అన్నాడు. రెండేళ్ళయింది ఆ మాట అని.

వారంలో ఆరు రోజులు కోడలు ఆ కారు నడుపుతుంది. ఆవిడ పెద్ద హాస్పిటల్లో నర్సు. ఆదివారం పొద్దున్న మాత్రం కారు మేస్త్రీది.

ఎండ ఎదురింటి గోడ దిగేలోపు కడగడం అయిపోవాలి. వేడి రేకు మీద సబ్బు ఆరితే మచ్చ కడుతుంది. పైకప్పు, అద్దాలు, బానెట్, డోర్లు. చక్రాలు చివర. వాటికి గుడ్డ వేరు, బకెట్ వేరు.

కిటికీలోంచి భార్య అరిచింది. "ఏమండీ, ఆ కారుకి పెట్టిన ఓపికలో పావు వంతు నా మీద పెట్టి ఉంటే ఈపాటికి నేనూ మెరిసేదాన్ని!"

"నీది కంపెనీ పెయింటు. రుద్దక్కర్లేదు."

ఆవిడ నవ్వి లోపలికి పోయింది. ఆ రోజుకి ఆయన వాటా మాటలు దాదాపు అయిపోయినట్టే.

పైపుతో నీళ్ళు కొట్టి, అరచేత్తో ఒక్కొక్క డోరు నిమిరాడు. ఇది ఆయన అలవాటు. వ్యాక్స్ ఉన్న చోట నీళ్ళు పూసలు పూసలుగా నిలిచి, చెయ్యి తగలగానే జారిపోతాయి. రెండు వారాల క్రితమే బండి మొత్తానికి వ్యాక్స్ పెట్టాడు. కుడి వైపు డోర్లు జారాయి. ఎడమ ముందు డోరు జారింది. ఎడమ వెనక డోరు దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ పూసలు లేవు. నీళ్ళు తడి కాగితంలా రేకుని అంటుకుని ఉన్నాయి.

మళ్ళీ నిమిరాడు. పక్క డోరు, ఈ డోరు. పక్క డోరు, ఈ డోరు.

తర్వాత గోరుతో అద్దం కింది రబ్బరు గాడి గీరాడు. తెల్లటి పొడి వచ్చింది. వాసన చూశాడు. గీతలు పోవడానికి రుద్దే రబ్బింగ్ పాలిష్. అది ఉన్నది ఒక్క చోటే, ఆయన పనిముట్ల పెట్టెలో. ఆ పెట్టెకి తాళం లేదు. అక్కర్లేకపోయింది ఇన్నాళ్ళూ.

కిందకి వంగి చూశాడు, తడిమాడు. డోరు నాలుగు అంచుల్లోనూ ఆ పొడి ఉంది.

మిగతా కారు తుడవకుండా వదిలేసి లోపలికి వెళ్ళాడు. అలా వదిలెయ్యడం ఎప్పుడూ లేదు. లోపల ముగ్గురూ బల్ల దగ్గర ఉన్నారు. కాఫీ, రొట్టె, ఉడికిన గుడ్లు. కొడుకు స్కూల్లో లెక్కల మాస్టారు. ఎదురుగా పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని ఒక చేత్తో తింటూ ఒక చేత్తో దిద్దుతున్నాడు.

మేస్త్రీ కూచోలేదు. "ఎడమ వైపు వెనక డోరు ఎవరు రుద్దారు?"

మాస్టారి పెన్ను ఆగింది. భార్య పంచదార డబ్బా కోసం లేచింది. డబ్బా ఆవిడ ముందే ఉంది.

"నేనే మామయ్యా," అంది కోడలు.

"ఎందుకు?"

"గీత పడింది. హాస్పిటల్ గేటు స్తంభానికి కాస్త ఆనింది."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"చెప్పలేదేం?"

"మీకు కోపం వస్తుందని."

మేస్త్రీ బల్ల మీద వేలితో కొట్టాడు. "తాళం ఇక్కడ పెట్టు."

"నాన్నా!" అన్నాడు మాస్టారు. "పొద్దున్న ఐదున్నరకి డ్యూటీకి ఎలా వెళ్తుంది? ఆ టైముకి బస్సు కూడా ఉండదు."

"గీత పడితే పడింది. ఎవరికైనా పడుతుంది. దాచింది. నా పెట్టెలో చెయ్యి పెట్టింది. నన్నడిగితే గంటలో చేసి పెట్టేవాణ్ణి. దాని మీద రంగు నేను కొట్టిందిరా. అది నీకు తెలీదా?"

మాస్టారికి తెలిసినంత వరకు తండ్రి ఒక్క ఊపులో అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు.

కోడలు సంచిలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"తియ్యవే అమ్మాయ్, తాళం తియ్యి," అంది అత్తగారు. "నీకేం ఖర్మ..."

"మీరు ఊరుకోండి అత్తయ్యా."

"ఎంతకని ఊరుకోను?"

"అత్తయ్యా!"

మేస్త్రీ ఇద్దరి వైపూ చూశాడు. ముఖాలు సరిగా కనబడలేదు. గొంతులు మాత్రం బాగానే వినబడ్డాయి. తప్పు చేసిన మనిషి గొంతు అలా ఉండదు. రంగు తప్పు కలిపిన పనివాళ్ళ గొంతులు ఎన్ని విన్నాడాయన!

"గీత ఎంత పొడుగు?" అన్నాడు.

కోడలు కాస్త ఆలోచించింది. "జానెడు."

"లోతు? గోరు పెడితే తగిలిందా?"

"ఆఁ. తగిలింది."

మేస్త్రీ కుర్చీ లాక్కుని కూచున్నాడు. తన చూపుడు వేలి గోటి వైపు చూసుకున్నాడు. ఇంకా తెల్ల పొడి ఉంది దానికి. గోటికి తగిలే గీత చేతి రుద్దుడుకి పోదు. దాని అడుగున ప్రైమరు, రంగు కింది పూత, బయటపడుతుంది. దానికి మళ్ళీ రంగు కొట్టాల్సిందే. ఇప్పుడే కదా డోరంతా తడిమి వచ్చాడు. ఎక్కడా గాడి లేదు. రంగు కొట్టిన జాడా లేదు.

"జానెడు గీతకి డోరంతా ఎందుకు రుద్దావు?"

"అంటే నాన్నా, కలిసిపోవాలి కదా, ఒక చోట రుద్ది ఒక చోట రుద్దకపోతే..." అని మాస్టారు నీళ్ళు నమిలాడు. లెక్కలు చెప్పే మనిషికి అబద్ధం చెప్పడం చేతకాదు.

స్తంభం గీస్తే గీత పడుతుంది. డోరంతా పడదు. డోరంతా సన్నగా, గోటికి అందకుండా, పాలిష్‌కి పోయేలా గీతలు పడాలంటే ఒకటే దారి. ఇసక పట్టిన గుడ్డ. కింద పడ్డ గుడ్డతో తుడిస్తే అలా పడతాయి. ఆ తప్పు చేసిన వాణ్ణి ఆయన షెడ్డులోంచి పంపించేసిన రోజులున్నాయి.

ఆ కారుని గుడ్డ పెట్టి తుడిచే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే.

కాఫీలు చల్లారాయి.

"ఎప్పుడు?" అన్నాడు మేస్త్రీ. ఈసారి భార్యని అడిగాడు.

"పోయిన ఆదివారం," అంది ఆవిడ. ఇంక దాచి లాభం లేదని ఆవిడకీ తెలిసిపోయింది. "కుళాయి దగ్గర గుడ్డ కింద పడింది. తీసి దులిపారు. ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు కూడా. మళ్ళీ దాంతోనే తుడిచారు. అమ్మాయి కిటికీలోంచి చూసి పరిగెత్తబోయి ఆగిపోయింది. సోమ, మంగళ, బుధ, మీరు సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడల్లా కూచుని రుద్దింది. చేతులు బొబ్బలెక్కాయి పిల్లకి."

"గుడ్డ నాకు శుభ్రంగానే కనబడింది."

"కనబడదు కదండీ మీకు!" అనేసి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

షెడ్డులో ఆఖరి రోజు ఆకుపచ్చ కారు ఒకటి వెనక్కి వచ్చింది. ఒక డోరు వేరే ఆకుపచ్చగా ఉందని దాని మనిషి గొడవ పెట్టుకున్నాడు. మేస్త్రీ దాన్ని ఎండలోకి తోయించి అటు నించి చూశాడు, ఇటు నించి చూశాడు. ఆయనకి అంతా ఒకటే ఆకుపచ్చ. పక్కన నిలబడ్డ వాళ్ళందరికీ రెండు. ఆ సాయంత్రమే వచ్చేశాడు. ఇంట్లో చెప్పలేదు. ఒకసారి కొడుకు కళ్ళ డాక్టరు మాట ఎత్తితే ఆయన తింటూ తింటూ లేచిపోయి, తొమ్మిది రోజులు వాడితో మాట్లాడలేదు.

"మీకు తెలుసా?" అన్నాడు. ఏమిటని చెప్పలేదు.

"షెడ్డు ఓనరు ఆ రోజే ఫోన్ చేశాడు నాన్నా," అన్నాడు మాస్టారు, పేపర్ల వైపు చూస్తూ.

రెండేళ్ళు. ఆయన దాస్తున్నాననుకున్నాడు. ముగ్గురూ కలిసి ఆయన దగ్గర దాచారు.

"నాకెందుకు చెప్పలేదు అమ్మాయ్? గుడ్డ సంగతి?"

"చెబితే ఆదివారం కూడా మానేస్తారని," అంది కోడలు. "ఇంకేం మిగిలింది మామయ్యా మీకు..." అని, మాట కాస్త ఎక్కువైందనిపించి, గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

మేస్త్రీ లేచి బయటికి వెళ్ళిపోయాడు. వెనకాలే భార్య లేవబోతే కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. బయట పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. డబ్బాలు కదిలిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మాస్టారు ఒకే పేపరుకి రెండు సార్లు మార్కులు వేసి, కొట్టేసి, మళ్ళీ వేశాడు.

పావుగంటకి గుమ్మంలోంచి పిలుపు. "అమ్మాయ్, ఇలా రా. వేలి ఉంగరం, గడియారం తీసేసి రా. రేకుకి గీసుకుంటాయి."

కోడలు రెండూ తీసి తాళం పక్కన పెట్టి వెళ్ళింది.

మేస్త్రీ ఎడమ వైపు వెనక డోరు దగ్గర చిన్న పీట వేసుకుని కూచున్నాడు. పక్కన ఇంకో పీట ఉంది. "ఎలా రుద్దావో చూపించు."

ఆమె పొడి గుడ్డ తీసుకుని చిన్న చిన్న సున్నాలు చుట్టింది.

"గుండ్రంగా ఎవరు నేర్పారు?"

"మిమ్మల్ని చూసే. కిటికీలోంచి మీ భుజం ఒక్కటే కనబడుతుంది మామయ్యా. చెయ్యి కనబడదు. భుజం అలానే తిరుగుతుంది."

మేస్త్రీ ఆమె చెయ్యి పట్టుకుని రేకు మీద పెట్టాడు. "ముందు నించి వెనక్కి. కారు వెళ్తుంటే గాలి పోయే దారి. వెనక నించి ముందుకి తేకూడదు. ఎత్తి మళ్ళీ పెట్టు. ఆఁ. అలా."

కాసేపు అలాగే చేయించాడు.

"వ్యాక్స్ ఎందుకు పెట్టలేదు?"

"అదొకటి ఉందని తెలీదు."

"సగం పనే చేశావు. రుద్దితే పైపొర కాస్త లేచిపోతుంది. దాని మీద ఇది పెట్టకపోతే ఎండా దుమ్మూ అన్నీ నేరుగా రంగుకే తగులుతాయి."

"పుండు కడిగి కట్టు కట్టకుండా పంపించేశానన్నమాట."

"అదే."

లోపల కిటికీ దగ్గర భార్య, కొడుకు నిలబడి చూస్తున్నారు. వాళ్ళకి భుజాలు కనబడుతున్నాయి. ఇప్పుడు రెండు జతలు.

"ఇంకా ఉన్నాయా గీతలు?" అన్నాడు మేస్త్రీ. అడగడానికి కొంచెం టైము పట్టింది.

ఆమె తల వంచి, వెలుతురు పక్కవాటంగా పడేలా చూసింది. "రెండు మిగిలాయి. హ్యాండిల్ కింద."

"ఎక్కడ?"

ఆమె ఆయన వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. ఆయనకి ఏమీ తగల్లేదు. ఏమీ కనబడనూ లేదు. ఆమె చెప్పింది కనక ఉన్నాయనుకుని, అక్కడ బొట్టు పాలిష్ పెట్టాడు. రంగు విషయంలో ఇంకొకరి కంటి మాట నమ్మడం ఆయనకి అదే మొదటిసారి.

"పోయాయా?"

"ఒకటి పోయింది."

"ఇప్పుడు?"

"పోయింది మామయ్యా."

"ఇంకనించి నువ్వు చూడు, నేను తడుముతా."

వ్యాక్స్ పల్చగా పట్టించి, ఆరనిచ్చి, ఆయన దగ్గరున్న వాటన్నిటికంటే మెత్తటి గుడ్డతో తుడిచారు. ఆ గుడ్డని చేతులు తుడుచుకోవడానికి కూడా ఆయన ఎవరికీ ఇవ్వడు. చెంబుతో నీళ్ళు తెచ్చి డోరు మీద పోశాడు. అరచెయ్యి ఆనించాడు. పూసలు జారిపోయాయి.

చెయ్యి వెంటనే తియ్యలేదు. తర్వాత ఆ మెత్తటి గుడ్డతోనే ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు ఒకసారి, మళ్ళీ ఒకసారి.

కోడలు చక్రాల వైపు చూస్తూ కూచుంది.

"ఇది ఇంక డోర్లకి పనికిరాదు," అన్నాడు గుడ్డని చూసి. "ఉప్పు తగిలింది." దాన్ని చక్రాల బకెట్‌లో పడేశాడు. "తాళం తీసుకో. అక్కడ వదిలేస్తే మీ అత్తయ్య దాన్ని కూడా ఎక్కడో సర్దేస్తుంది."

"సరే మామయ్యా."

"మీ హాస్పిటల్లో కళ్ళకి ఏ రోజు చూస్తారు?"

"బుధవారం. మీది పొర అయి ఉంటుంది. పొరే అయితే తీసేస్తారు. అరగంట పని."

"కారు పెట్టడానికి నీడ ఉందా అక్కడ?"

"ఉంది."

మేస్త్రీ డబ్బా మూత బిగించాడు. ఎండ గోడ దిగి బానెట్ మీదికి వచ్చింది.

"తీసేసి వదిలేస్తారా, దాని మీద ఏమన్నా పెడతారా?"

"లోపల చిన్న అద్దం పెడతారు మామయ్యా."

"ఆ డాక్టర్ని చేతి ఉంగరం తీసేసి పెట్టమను."