ఐదో కుర్చీ

పొద్దున్నే ఇల్లంతా మామూలు గోలే. పెద్దదానికి సాక్సు దొరకలేదు, చిన్నవాడికి పాలు వేడెక్కువ, బస్సు డ్రైవరైన ఇంటాయనకి చొక్కా ఇస్త్రీ నచ్చలేదు. భోజనాల బల్ల దగ్గర మాత్రం ఓ విడ్డూరం జరిగింది. ఇల్లాలు ఓ గుడ్డు వేయించుకుని, వేడివేడి రొట్టె పెట్టుకుని, దర్జాగా కుర్చీలో కూర్చుంది.

విడ్డూరం కాక మరేమిటి? ఐదుగురున్న ఇంట్లో ఆ బల్లకున్నవి నాలుగే కుర్చీలు. ఆమె ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడి, పిల్లలు వదిలేసిన రొట్టె అంచులు నోట్లో వేసుకుని పనికి పరిగెత్తేది. పనేమిటంటారా? కుర్చీల దుకాణంలో పాలిష్!

"అమ్మా, అది నానమ్మ కుర్చీ," అన్నాడు చిన్నవాడు.

"తెలుసురా. నేను తినేదాకా నాది."

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం చోద్యమే! పిల్లలకి టైమవుతుంటే మహారాణిలా కూర్చున్నావు. మరి నేనెక్కడ కూర్చోను?"

"ఆ మాట నేను ఎప్పుడో అడగాల్సింది అత్తయ్యా. నిన్న పనిలో కళ్లు తిరిగి కూలబడ్డాను. కూర్చుని కడుపునిండా తిని ఎన్నాళ్లయిందమ్మా అని ఆసుపత్రిలో నర్సు అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సిగ్గేసింది."

"ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దాం," గొంతు పెంచాడు భర్త. "దానికి అమ్మ కుర్చీ లాక్కోవాలా?"

"ఈ బల్ల మా దుకాణంలోనే కొన్నాం, గుర్తుందా? మీరు వేళ్లు మడిచి, అమ్మ, నేను, పిల్లలిద్దరు, నాలుగు అన్నారు. నేను పక్కనే నిలబడి, నాలుగు చాలు అన్నాను! నా చేత్తోనే ఆ నాలుగింటికీ పాలిష్ పెట్టాను. మీరు మర్చిపోయారు సరే, నన్ను నేనే మర్చిపోయానండీ! ఇక ఆ తప్పు చేయను. తిన్నాకే లేస్తాను. ఎవరి సాక్సు వాళ్లు వెతుక్కోండి."

అత్తగారు దగ్గరికి వచ్చింది. కోడలు కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"మీ మామగారున్నన్నాళ్లూ నేనూ నిలబడే తిన్నానే," అంది ముసలామె. "ఈ బల్ల వచ్చాకే కూర్చున్నాను. నువ్వు నిలబడటం రోజూ చూస్తూనే ఉన్నా. నోరు తెరిస్తే మళ్లీ నన్నే లేవమంటారేమోనని భయపడ్డాను తల్లీ." ఆ వెంటనే కొడుకు వైపు తిరిగింది. "ఏరా, చూస్తావేం? లే!"

అతను పళ్లెం పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచాడు. అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లే.

"సాయంత్రం ఇంకో కుర్చీ తెస్తాను," కాసేపటికి నసిగాడు భర్త. "ఇలా నిలబడి తింటుంటే రుచే తెలియట్లేదు."

"నాకు ఇన్నేళ్లూ తెలియలేదు," అందామె. కళ్లు తుడుచుకుంది గానీ లేవలేదు. పళ్లెం ముందుకు తోసింది. "ఎలాగూ నిలబడే ఉన్నారుగా, ఇంకో గుడ్డు వేయండి."