ఏడాది దాచిన మాట

పొద్దున్నే సుమ దోసెలు పోస్తుండగా మామ ఆంజనేయప్ప చెప్పకుండానే బయటికి వెళ్లిపోయాడు. పేరేసంద్ర దగ్గరి నూనె ఫ్యాక్టరీలో ఆ రోజే షట్‌డౌన్ మొదలు. ఏటా ఎనిమిది రోజులు యంత్రాలన్నీ ఆపి, ట్యాంకులు కడిగి, తుప్పుపట్టిన గొట్టాలు మారుస్తారు. పోయిన ఏడు, 2005లో, అలా కడగడానికి ట్యాంకులోకి దిగిన ఆమె భర్త కిశోర్ విషవాయువు పీల్చి లోపలే ప్రాణం వదిలాడు. అక్కడే ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసిన మామ, కొడుకు పోయిన వారానికే పని మానేశాడు.

గంట గడవకముందే వాచ్‌మన్ రామకృష్ణప్ప సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు.

"సుమమ్మా, బిరీన రా! పాత ఫోర్‌మన్ కదా అని గేటు తీస్తి. మీ మామ పొయ్యి ట్యాంకు మూత మీద కూర్చోనుండాడు. ఎవర్నీ దిగనీడు. మేనేజరు పోలీసుల్ని పిలుస్తానంటాండాడు."

సుమ స్టవ్ ఆర్పి పరుగెత్తింది.

ఫ్యాక్టరీలో ట్యాంకు పక్కన, దిగడానికి నడుములకు తాళ్లు కట్టుకుని నలుగురు కూలీలు ఎండలో నిలబడి ఉన్నారు. సుమకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి.

"లేయండి మామా! పోయిన మనిషి తిరిగి వస్తాడా?"

"లోపల విషగాలి ఉండాదా అని చూసే మిషను తెమ్మను. చూసినాంక లేస్తా."

"ఆ పొద్దు చూసినాంకనే గదా ఆయన్ని దింపినారు? కంపెనీ కాగితంలో రాసుండాది!"

ఆంజనేయప్ప తల వంచుకున్నాడు. "రాసింది నేనే తల్లీ. మిషను చెడిపోయుండె. ఒకదినం ముందే పని ముగిస్తే పేరొస్తాదని, చూడకుండానే సంతకం పెడితి. 'దిగేదా నాయనా?' అని వాడు అడిగె. 'దిగరా, ఏం కాదు' అంటి."

సుమ మామకు ఎదురుగా వచ్చి నిలబడింది. "కాగితంలో అంతా సరిగుంటే, ఆయనే తొందరపడి ఏదో తప్పు చేసుంటాడని ఏడాదిగా ఫోటో ముందర నిలబడి తిడితినే! మీరు వింటా ఊరకుంటిరా?"

"చెప్తే నువ్వూ నన్ను ఇడిసి పోతావని భయమాయ."

ఆమెకు ఆ ముసలాయన చొక్కా పట్టుకుని లాగాలనిపించింది. కానీ కూలీల్లో ఒకడు ట్యాంకు వైపే బెదురుగా చూస్తున్నాడు. వాడి ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఎదురుచూస్తూ ఉంటుంది. సుమ మేనేజరు వైపు తిరిగింది.

"మిషను తెప్పించండి సార్. అంతవరకూ ఆయన లేయడు. నేనూ లేయను."

మామకు దూరంగా, మూతకు ఆ చివర కూర్చుంది.

మధ్యాహ్నానికి చిక్కబళ్ళాపురం నుంచి మిషను వచ్చింది. లోపలికి దించీ దించగానే విషవాయువు ఉందని కీచుమని మొత్తుకుంది. కూలీలు నడుముల తాళ్లు విప్పేశారు. రెండు రోజులు ట్యాంకులోకి గాలి కొట్టించాకే పని అని మేనేజరు ఒప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి సుమ కంచంలో అన్నం పెట్టింది. ఆంజనేయప్ప ముద్ద ఎత్తలేకపోయాడు.

"నన్ను క్షమించినావా తల్లీ?"

"లేదు మామా. నా చేత కాదు."

ఆ మాట అని ఆమె కంచం పక్కనే కూర్చుండిపోయింది. తొందరపడ్డాడన్న కోపం లేకుండా, కిశోర్ కోసం మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ముసలాయన ఇల్లు విడిచి పోదామని సంచి కోసం లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"యాడికీ పోవద్దండి. ఆయన కోసం ఏడ్చేకి మనిద్దరమే ఉండాము."