ఏ కట్టలోనూ ఇమడని కార్డులు

ఆల్‌ఫ్రెడ్‌ని పట్టపగలు, డర్బన్ గ్రే స్ట్రీట్‌లో, ఒక బట్టల షాపు ముందు కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. మినీబస్ టాక్సీల హారన్ల మధ్య ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. కళ్ళు తిరిగి పడిపోయాడనుకుని ఎవరో నీళ్ళు తెచ్చారు.

మర్నాడు గూఢచారి విభాగం చీఫ్ డొరసామి ఎదుట కిస్టెన్ నిలబడ్డాడు. ప్రవాసంలో ఆల్‌ఫ్రెడ్‌తో ఒకే గదిలో ఏళ్ళ తరబడి బతికినవాడు. ఏడవడానికి చీఫ్ టైమివ్వలేదు.

"ప్రొఫెసర్ బేసిల్ క్రేన్. విదేశీయుడు. చెరకు తోటల కూలీల చరిత్ర మీద లిటరేచర్ రివ్యూ రాస్తున్నానంటాడు. ఎన్నికలు చెడగొట్టడానికి వచ్చిన ముఠాకి అతనే బాస్ అని మన అనుమానం. ఎక్కడ కొడతారో తెలీదు. ఆల్‌ఫ్రెడ్ అతని దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరాడు."

"ఇప్పుడు నేను."

"ఇప్పుడు నువ్వు. సెక్రటరీ థెల్మా మన ఏజెంటే. ‘కోత మొదలైందా?’ అని అడుగు. ‘ఇంకా తడి ఆరలేదు’ అంటుంది."

మందపాటి కళ్ళద్దాలు, వంగిన భుజాలు, కోటు గుండీలో కెమెరా. కిస్టెన్ ఉద్యోగంలో చేరాడు. పని రిఫరెన్స్ కార్డులు సర్దడం. ఒక్కో కార్డు మీద ఒక పుస్తకమో వ్యాసమో. అన్నీ రచయితల పేర్ల వరసలోనే ఉండాలని బేసిల్ ఆర్డర్.

థెల్మాది వీధి మొత్తం తిరిగి చూసే నడక. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. కోడ్ సరిగ్గానే చెప్పింది. మధ్యాహ్నం ఇద్దరూ కూర నింపిన రొట్టె, ఒకే బన్నీ చౌ పంచుకుని, రొట్టె తుంచి కూరలో ముంచుకు తినేవాళ్ళు. ఆల్‌ఫ్రెడ్ పోయాక కిస్టెన్ మొదటిసారి నవ్వింది ఆమె దగ్గరే.

"రివ్యూ రాసేవాడు విషయాల వారీగా సర్దుకుంటాడు. ఈయన పేర్ల వరస పట్టుకు వేలాడతాడేం?" అన్నాడొకసారి.

"ముట్టుకోకు. ఆయనకి అలాగే కావాలి." జవాబు కొంచెం తొందరగా వచ్చింది.

1994 ఏప్రిల్ ఇరవయ్యారు. దక్షిణాఫ్రికాలో అన్ని రంగుల వాళ్ళూ కలిసి ఓటేసే మొదటి ఎన్నికలవి. ముసలివాళ్ళూ, నడవలేనివాళ్ళూ ముందుగా ఓటేసే రోజు. కిస్టెన్ తెల్లవారుతూనే ఆఫీసుకొచ్చి కార్డులన్నీ నేలమీద పరిచాడు. వలసలు ఒక కట్ట. కూలి రేట్లు ఇంకొకటి. జబ్బులు, సమ్మెలు, భజన పాటలు. చివరికి కొన్ని కార్డులు ఏ కట్టలోనూ ఇమడలేదు. గోదాముల్లో పురుగుల్ని చంపే విషవాయువులు. కిటికీలు మూసిన హాళ్ళలో గాలి కదలిక. ముసలివాళ్ళ ఊపిరితిత్తులు. ఒక ఊరి భవనాల సర్వే: డార్నల్.

రివ్యూ కోసమంటే ఏ లైబ్రరీ అయినా మారు మాట్లాడకుండా పంపిస్తుంది. పేర్ల వరసలో చెల్లాచెదురుగా ఉన్నంతసేపు అమాయకంగా కనిపించినవి, ఒకచోట చేరేసరికి హత్యగా మారాయి.

"లే, కిస్టెన్."

గుమ్మంలో థెల్మా. చేతిలో చిన్న పిస్టల్.

"ఆల్‌ఫ్రెడ్ మనవాడని బేసిల్‌కి చెప్పింది నువ్వేనా?"

"ఈ దేశం తగలబడిపోతుందన్నారు. లండన్ వీసా ఇప్పిస్తామన్నారు." "చంపుతారని తెలీదు."

కిస్టెన్ ఆ కార్డులు ఆమె కాళ్ళ దగ్గరికి జరిపాడు. ఆమె ఒక్కొక్కటే చదివింది. డార్నల్ దగ్గర ఆగిపోయింది.

"మా ఊరి హాలేనా? మా అమ్మ అక్కడే ఓటేస్తుంది. పొద్దున్నే చీర ఇస్త్రీ చేసుకుని ఉంటుంది."

పిస్టల్ కిందికి దిగింది.

డొరసామికి ఫోన్ చేశారు. స్క్వాడ్ చేరేసరికి గంట పడుతుంది. ఇద్దరూ కారెక్కారు. రెండు పక్కలా చెరకు.

హాలు నిండా ముసలివాళ్ళు. వీల్ చెయిర్లు, ఊతకర్రలు, పూలు పెట్టుకున్న జడలు. కిస్టెన్ ఒక్కొక్కరినీ ఎత్తుకుని బయటికి చేర్చసాగాడు. థెల్మా తడి గుడ్డ ముక్కుకి కట్టుకుని స్టేజీ వెనక స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళింది. అప్పటికే టైమర్ తిరిగింది. సిలిండర్ బుస కొడుతోంది. గ్యాస్ హాల్లోకి రాకుండా ఆమె లోపలినుంచి గడియ పెట్టింది.

"తలుపు బద్దలుకొట్టకు. అందరూ వెళ్ళాకే."

"థెల్మా, బయటికి రా."

"వాల్వ్ బిగుసుకుంది. తిప్పుతున్నా." కాసేపటికి, "మా అమ్మ వెళ్ళిందా?"

"వెళ్ళింది."

బుస ఆగింది. అతను తలుపు పగలగొట్టేసరికి ఆమె చేతులు వాల్వ్ మీదే ఉన్నాయి.

ఎయిర్‌పోర్టులో బేసిల్‌ని పట్టుకున్నారు. పాస్‌పోర్టులో పేరు వేరే. మధ్యాహ్నం చెట్టు కింద బల్లలేసి డార్నల్‌లో పోలింగ్ మళ్ళీ మొదలుపెట్టారు. థెల్మా తల్లి డోరిస్ ఓటేసింది. ఆ తర్వాతే ఆమెకి చెప్పారు, గ్యాస్ లీకై కూతురు పోయిందని.

కర్మకాండ అయ్యాక కిస్టెన్ ఆ ఇంటికెళ్ళాడు. ఆల్‌ఫ్రెడ్‌ని పట్టిచ్చింది ఆమె కూతురే. ఊరిని బతికించిందీ ఆ కూతురే. రెండిట్లో ఏదీ చెప్పడానికి ఆర్డర్స్ లేవు. ఉన్నా నోరు వచ్చేది కాదు.

"మా థెల్మా అక్కడ ఏం పని చేసేది, నాయనా?"

"పుస్తకాల పని, అమ్మా. రీసెర్చ్."

డోరిస్ అతని మొహంలోకి చూసింది.

"బడికి పొమ్మంటే చెరకులో దాక్కునేది గదరా అయ్యా. దాని చేతికి పుస్తకాలెవరిచ్చారు?"