జున్ను తిన్న వీధి

గొట్టంలో ఉమ్మి అడుగుకి దిగేదాకా ఆగి, సుగుణ మూత బిగించి జాడయంత్రంలో నిలబెట్టింది. దీపం మినుకుమినుకుమని ఎరుపులోకి తిరిగింది. మామూలుగా ఏడాది మొత్తానికి ఊళ్ళో ఒకటో రెండో ఎరుపులు వచ్చేవి. ఇవాళ పొద్దెక్కకముందే పడమటి వీధి వీధంతా ఎర్రబడింది.

ఎరుపంటే, ఆ ఆడమనిషి రొమ్ములో వైరస్ కాపురం పెట్టిందని ఊళ్ళన్నిటి జాడయంత్రాలనూ నడిపే పెద్దయంత్రం తీర్పు. ఆ కాపురం ఏనాటికైనా కాన్సరవుతుందని దాని భయం. మొదట్లో తీర్పు చివర ‘కావచ్చు’ అన్న మాట ఉండేది. ఎప్పుడో రాలిపోయింది. అందుకే జబ్బు రాకముందే రొమ్ము తీసేసే ముందుకోత. కోసినవాళ్ళకు కాన్సర్ రాలేదు గనక కోత మంచిదేనని యంత్రం ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా నమ్మేది. కొయ్యకపోతే వచ్చేదా అని అడుగుదామంటే, ఎర్రబడీ కొయ్యనివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. సుగుణ తల్లినీ అలాగే కోశారు. పోయేదాకా ఆమె పైట రెండు మడతలేసుకుని తిరిగింది.

“ఏందమ్మే, మా కోడలిదీ ఎరుపేనా?” అంది పడమటి వీధి మాలకొండమ్మ.

“ఎరుపే అత్తా. మధ్యాహ్నానికి కోతకి ఎక్కించుకుపోయే బండొచ్చుద్ది.”

కోడలు ఇందుమతి గోడకి ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. తలెత్తలేదు. “నేనెక్కనక్కా.”

“ఎక్కకపోతే మీ ఇంటిల్లిపాదికీ ఆస్పత్రి గుమ్మం మూసేస్తారు. నీ బిడ్డక్కూడా.” సుగుణ ఏదో ఒకటి అడగాలని అడిగింది. “పరగడుపునే వచ్చావా?”

“పరగడుపే. జున్ను తప్ప మెతుకు ముట్టలా.”

సుగుణ చెయ్యి ఆగిపోయింది. “జున్నేంది?”

“మా ఎర్రావు ఈనింది కదంటే,” అంది మాలకొండమ్మ. “తెల్లారేసరికి వీధంతా పంచా. జున్ను తిండి కిందకొచ్చుద్దా ఏంది? గిన్నె గడపలోకొచ్చాక నోట్లో ఏసుకోకపోతే ఆవు చేపి పాలియ్యదు.”

“మరి నాకు పంపలేదే?”

“నీది తూర్పు వీధాయె. గిన్నె అడుగంటింది. ఇప్పుడా నిష్ఠూరం?”

సుగుణ నవ్వలేదు. ఆ వైరస్ పశువుల్లోనూ తిరుగుతుందని ఆమె చదువుకుంది. ఉడికితే చస్తుంది. కానీ దాని తునకలు జున్నులో మిగిలి నోటికంటితే? యంత్రానికి తునకైనా ఒకటే, నిండు వైరసైనా ఒకటే. అమ్మ ఎర్రబడిన ఏడాది వీధిలో ఎవరి గొడ్డు ఈనింది? ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

ఎరుపును చెరిపే అధికారం, యంత్రం తీర్పులు చదివి చెప్పే సుగుణలాంటి చదువరికి లేదు. కానీ చదువరి రోజూ అందరికంటే ముందు తన ఉమ్మే చూసుకోవాలి; అది తేలితేనే ఆ రోజు మిగతా తీర్పులు చెల్లేది. పొద్దున ఆమెది పచ్చ, వైరస్ జాడ లేదని.

“అత్తా, గిన్నె కడిగావా?”

“లేదు. గీరితే కాస్తొచ్చుద్ది.”

“తీసుకురా.”

మాలకొండమ్మకు అప్పుడర్థమైంది. “నీకేం పొయ్యేకాలమే? ఎర్రబడితే నిన్నూ ఎక్కిస్తారు.”

“ఎర్రబడకపోతే ఇందుమతిది నిజమే అయిద్ది. ఆ రెంట్లో ఏది కావాలో నువ్వే చెప్పు.”

ముసలామె వెళ్ళి గిన్నె తెచ్చింది.

అడుగు మాడిన జున్ను. బెల్లం, మిరియం. సుగుణ వేలితో గీరి నాకింది. కాసేపాగి గొట్టంలో ఉమ్మింది. దీపం మినుకుమంటున్నంతసేపూ ఆమె తెలియకుండానే చేతులు గుండెల మీద కట్టుకుని ఉంది.

ఎరుపు.

దాని పక్కనే పొద్దుటి పచ్చ. ఒకే మనిషి, ఒకే పూట. యంత్రం చాలాసేపు గుర్రుమంది. అన్నేళ్ళలో సుగుణకు తీర్పులే చెప్పింది, ఏనాడూ ప్రశ్న వెయ్యలేదు. ఇప్పుడు తెర మీద అడిగింది: ఏది సరి?

కింద రెండే మీటలు: పచ్చ, ఎరుపు. పచ్చ నొక్కితే తానొక్కతే బయటపడుతుంది.

సుగుణ చేతులు వెనక్కి తీసుకుంది. “నాకు తెలియదు,” అంది, మనిషితో అన్నట్టే. “నీకూ తెలియదు.”

ఆ మాటకి యంత్రం దగ్గర రంగు లేదు. దీపం అటూ ఇటూ ఊగుతూనే ఉంది. పడమటి వీధి తీర్పులన్నీ దాని వెనకే ఆగిపోయాయి.

మధ్యాహ్నం బండొచ్చింది. తోలేవాడు లోపలికి తొంగిచూశాడు. “ఎవరెక్కాలమ్మా?”

మాలకొండమ్మ గడ్డంతో యంత్రాన్ని చూపించింది. “దాన్నే అడుగు నాయనా.”

ఇందుమతి బిడ్డను రెండో రొమ్ముకి మార్చుకుంది.