మూత మూసి చూశారా?

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురే. వెనక గదిలో మంచం పట్టిన తల్లి. పక్క గదిలో కుట్టుమిషను ముందు కూతురు. ముందు గదిలో కొడుకు. తల్లిని కనిపెట్టుకుని ఉండే ఆయా.

మధ్యాహ్నం రెండు దాటాక ముగ్గురే మిగిలారు.

తల్లికి ఊపిరిచ్చే ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. ఆయా కేకకు కొడుకు పరుగెత్తుకొచ్చేసరికి మిషన్ మళ్ళీ తిరుగుతోంది. తల్లికి ఊపిరి మాత్రం లేదు.

"నాకు కునుకు పట్టినప్పుడు దానంతటదే ఆగింది బాబూ. దానంతటదే తిరిగింది," అంది ఆయా.

"దానికేమైనా దయ్యం పట్టిందా? నీ నిద్రకు అడ్డమని నువ్వే ఆపావు."

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఆమెకు జాలీ కలగలేదు, కోపమూ రాలేదు. జీపు గుమ్మం ముందు ఉంది. ఆయాను ఎక్కించడమే తరువాయి.

"మిషన్ ఆగినప్పుడు అలారం మోగిందా?" ఆయాను అడిగింది.

"లేదమ్మా."

"మిషన్ చూసిన మెకానిక్ ఏమన్నాడు?"

"నిక్షేపంలా ఉందన్నాడు మేడమ్," అన్నాడు కొడుకు.

"మూత తీసి చూశాడా, మూసి చూశాడా?"

"తీయకుండా ఎలా చూస్తారండీ?"

ఆమె మూత తీసింది. సర్క్యూట్ బోర్డు మీద మూడు కాళ్ళ నల్లటి బిళ్ళ. వోల్టేజ్ రెగ్యులేటర్, బోర్డుకు ఐదు వోల్టుల కరెంటు అందించేది. మిషన్ ఆన్ చేసి, వెంట తెచ్చిన మీటర్ పెట్టింది. ఐదు వోల్టులు. సరిగ్గానే ఉంది.

మీటర్ వైర్లు తీయకుండానే మూత బిగించింది. అందరూ అంకె వైపే చూస్తూ కూర్చున్నారు.

ఐదు. ఐదు. నాలుగు. సున్నా.

మిషన్ ఆగింది. అలారం కిక్కురుమనలేదు. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, మిషన్ మళ్ళీ తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ కొడుకు వైపు తిరిగింది.

"వేడెక్కితే రెగ్యులేటర్ ఆగిపోతుంది. చల్లారితే లేస్తుంది. అలారానికీ కరెంటు దాన్నుంచే. మూత తీస్తే గాలి తగులుతుంది. అందుకే మెకానిక్‌కు దొరకలేదు."

"అంటే కంపెనీ తప్పా?" అన్నాడు కొడుకు.

"కాదు. దీని వీపుకు వేడి లాగే అల్యూమినియం రేకు ఉండాలి. స్క్రూ రంధ్రం ఉంది. పేస్టు మరక ఉంది. రేకు లేదు. ఎవరు తీశారు?"



"నిన్న పొద్దున మిషన్ గరగరమందమ్మా," ఆయా గొణిగింది. "నేను అన్నం తిని వచ్చేసరికి ఆ చప్పుడు లేదు."

"అప్పుడు గదిలో ఎవరున్నారు?"

"అక్క. కానీ అక్కకు స్క్రూడ్రైవర్ పట్టడమే రాదు," అన్నాడు కొడుకు.

"నా కుట్టుమిషను ఎవరు బాగుచేస్తున్నార్రా, ఇన్నేళ్ళుగా?"

కూతురి గొంతులో ఏడుపు లేదు.

"మిషను గరగరమంటే వదులైన రేకేదో ఉంటుంది. తీసేస్తే ఊరుకుంటుంది. ఇదీ అంతే అనుకున్నా. ఆ చప్పుడుకు కన్ను మూతపడటం లేదే అంది అమ్మ. తీశాక పడుకుంది."

కొడుకు ఆయా వైపు చూడలేకపోయాడు.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా," అంది ఇన్‌స్పెక్టర్ ఆయాతో. తర్వాత కూతురితో, "మీరు తెలిసి చేయలేదు. రిపోర్టులో అలాగే రాస్తాను."

కూతురు వీధి గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మ నన్ను పిలిచి ఉంటుందా? అప్పుడు నేను పక్క గదిలో కుడుతున్నా. ఆ మిషను చప్పుడులో పిలిచినా వినపడదు."

"నిద్రలో ఏమీ తెలియ..."

కూతురు తలుపు వేసేసింది.